హాలోవీన్ పార్టీకి అంతగా తెలియని దెయ్యం పాటలు ఏర్చి కూర్చిన నెల: నా అనుభవం

మేము ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, తెలుగు, కన్నడ, తమిళ, హిందీ కుటుంబాలు కలిసిమెలిసి ఉండే ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో. మా క్లబ్‌హౌస్‌లో అక్టోబరు 31న హాలోవీన్ పార్టీ (దెయ్యాల వేషాలు వేసుకుని చేసుకునే పాశ్చాత్య వేడుక) చేయడం కొన్నేళ్లుగా అలవాటైంది. 2025లో దసరా వెళ్లిన తరువాతి ఆదివారం, అక్టోబరు 5న, నిర్వాహకులందరం కూర్చున్నప్పుడు పాటల బాధ్యత నాకు అప్పగించారు. ఏటా అదే మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’, అదే ‘ఘోస్ట్‌బస్టర్స్’, ఆ తరువాత యాప్‌లో ముందే సిద్ధంగా దొరికే ఏదో ఒక జాబితా మోగుతోందని, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు విసుగెత్తి తొమ్మిది కాకముందే ఇళ్లకు వెళ్లిపోతున్నారని, ఈసారి ఎవరైనా ఓపికగా కూర్చుని, విని, ఎంచిపెట్టాలని కార్యదర్శిగారు అడిగారు. పాత పాటలంటే నాకు ప్రాణం కనుక వెంటనే ఒప్పుకున్నాను. ఇలాంటి పని నెత్తికెత్తుకోబోయే వారికి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

ఆ రోజే మూడు షరతులు పెట్టారు. చిన్నపిల్లలు ఉంటారు కనుక బూతు మాటలున్న పాట ఒక్కటి కూడా ఉండకూడదు. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి రాత్రి పదికి ముందే స్పీకర్లు ఆపేయాలి. మరునాడు నవంబరు 1 కన్నడ రాజ్యోత్సవం, ఉదయం ఎనిమిదికి అదే క్లబ్‌హౌస్ ముందు జెండా ఎగరేస్తారు కనుక పుర్రెలు, సాలెగూళ్లు అన్నీ ఆ రాత్రికే తీసేయాలి. మూడో షరతు పాటలకు సంబంధించినది కాదని అప్పుడు అనుకున్నాను. కానీ అలంకరణ తీయడానికి మనుషులు ఉండాలంటే పార్టీ చివరిదాకా జనం మిగలాలి, జనం మిగలాలంటే చివరి గంటలో పాటలు బాగుండాలి. కాబట్టి అది కూడా నా పనిలో భాగమే అయింది.

మొదటి వారమంతా వినడమే. వంట చేస్తున్నప్పుడు, ఆఫీసు బస్సులో, రాత్రి పిల్లలు పడుకున్నాక చెవిలో పెట్టుకుని విన్నాను. తక్కువ తెలిసిన హాలోవీన్ పాటలు అని పేరు పెట్టుకున్న జాబితాలు ఎన్ని చూసినా అవే పాటలు అటూ ఇటూ మారి కనబడుతుండటంతో ఒక సంగతి తెలిసివచ్చింది. అమెరికాలో ప్రతి పిల్లవాడికీ నోటికి వచ్చిన పాట మా క్లబ్‌హౌస్‌లో ఎవరూ విననిది కావచ్చు, మా అత్తయ్య తరం వాళ్లందరికీ తెలిసిన దెయ్యం పాట మా పిల్లలకు పూర్తిగా కొత్తది కావచ్చు. అందుకని ఎవరికి తెలియని పాట కావాలో ముందు తేల్చుకుని, ఆ తరువాతే ఏరడం మొదలుపెట్టాను. మా వాళ్లలో ఎక్కువమందికి తెలిసిన ఆంగ్ల దెయ్యం పాటలు ‘థ్రిల్లర్’, ‘ఘోస్ట్‌బస్టర్స్’ రెండే అని, వాటి చుట్టూ ఉన్నదంతా ఖాళీ నేలేనని అనుకుని పని చేశాను.

ఉదాహరణకు బాబీ పికెట్ పాడిన ‘మాన్‌స్టర్ మ్యాష్’. 1962 అక్టోబరులో, సరిగ్గా హాలోవీన్‌కు ముందు, అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కిన పాట ఇది. అక్కడ ఇది అరిగిపోయిన పాట. ఇక్కడ నేను అడిగిన వారిలో ఒక్కరూ విన్నామని చెప్పలేదు. శవపేటిక మూత కిర్రుమని తెరుచుకునే శబ్దంతో మొదలవుతుంది. ఆ శబ్దాన్ని స్టూడియోలో చెక్కలోంచి తుప్పుపట్టిన మేకును పీకి రాబట్టారు. కషాయం కుతకుతలాడే శబ్దం నీళ్లలో స్ట్రాతో ఊదినది, గొలుసుల మోత నేల మీద గొలుసులు జారవిడిచినది. ఈ సంగతి మా తొమ్మిదేళ్ల వాడికి చెప్పగానే స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసుకుని, స్ట్రా అడుగుకంటా పెట్టి ఊదాడు. గ్లాసు నిండా ఉన్నప్పుడు బుడగలు పిట్టకూతలా సన్నగా పలికాయి, సగానికి తగ్గించాక లోతుగా, బరువుగా పలికాయి. ఆ చప్పుడును ఫోనును గ్లాసు అంచుకు ఆనించి రికార్డు చేశాడు. ఆ చిన్న ముక్కను పార్టీలో పాటకూ పాటకూ మధ్య వాడుకున్నాం. జాబితా తయారీలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన సాయంత్రం అది.

ఆ తరువాత మాటలు వినే పని వచ్చింది, అది చాలా సమయం తీసుకుంది. బూతు మాటలున్న పాటల పక్కన యాప్‌లో ఒక గుర్తు ఉంటుంది కానీ, దాన్ని మాత్రమే నమ్ముకుంటే సరిపోదు. గుర్తు లేని పాటల్లో కూడా పిల్లల ముందు వినలేని చరణాలు ఎదురయ్యాయి. కాబట్టి ప్రతి పాటనూ మొదటి నుంచి చివరిదాకా సాహిత్యం ముందు పెట్టుకుని విన్నాను. పాప్ గాయని కిమ్ పెట్రాస్ హాలోవీన్ కోసమే చేసిన ఆల్బమ్ 2019లో వచ్చింది, బీటు అద్భుతంగా ఉంటుంది, పెద్దవాళ్ల పార్టీ అయితే అందులోంచి సగం పెట్టేదాన్ని. మా పార్టీకి ఒక్కటీ తీసుకోలేదు.

మాటలు వినడంలో నన్ను బాగా కదిలించింది మాత్రం వేరే పాట. పై అంతస్తులో ఉండే ఒక అక్క, ‘“జాంబీ” పెట్టవమ్మా, పేరులోనే దెయ్యం ఉంది కదా, కాలేజీ రోజుల్లో మాకు చాలా ఇష్టం’ అన్నారు. క్రాన్‌బెర్రీస్ బృందం 1994లో విడుదల చేసిన ఆ పాటలో దెయ్యాలూ లేవు, నడిచే శవాలూ లేవు. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్ పట్టణంలో చెత్తడబ్బాల్లో పెట్టిన బాంబులు పేలి ఇద్దరు పిల్లలు చనిపోయారు, ఆ దుఃఖంలోంచి ఆ బృందం గాయని డోలొరెస్ ఓ రియోర్డన్ రాసిన పాట అది. చనిపోయినవారిలో ఒకడికి మూడేళ్లు. ఆ సంగతి చదివాక, ముఖానికి రంగు పూసుకుని మిఠాయి బుట్టలు పట్టుకుని గెంతే పసిపిల్లల మధ్య ఆ పాట మోగడం నా మనసు ఒప్పుకోలేదు. అక్కకు మొత్తం చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత ‘ఇన్నేళ్లు పాడుకున్నాను గానీ ఎందుకు రాశారో తెలియదు, తీసెయ్’ అన్నారు. హాలోవీన్ జాబితాల్లో ఆ పాట ఇప్పటికీ తరచు కనిపిస్తుంది. పేరు చూసి పాట పెట్టే ముందు ఒక్కసారి అది ఎందుకు పుట్టిందో చూడమని అందరినీ కోరుతున్నాను.

ది స్పెషల్స్ బృందం 1981లో పాడిన ‘ఘోస్ట్ టౌన్’ కూడా నిజానికి దెయ్యాల పాట కాదు, ఉద్యోగాలు పోయి, క్లబ్బులు మూతపడి బోసిపోయిన ఇంగ్లండ్ పట్టణాల పాట. దాన్ని మాత్రం ఉంచాను. అందులో ఎవరి చావూ లేదు, పైగా పాట నడకలోనే ఒక ఖాళీ వీధి ఉంది. గాలి ఊళ వినిపిస్తుంది, ఆర్గన్ నెమ్మదిగా మెట్లు దిగుతున్నట్టు నడుస్తుంది, వెనక నుంచి దూరంగా ఏడుపులాంటి గొంతులు వస్తాయి. భయం మాటలో ఉందా ధ్వనిలో ఉందా అని చూసుకుంటే, పార్టీకి పనికొచ్చేది ధ్వనిలో ఉన్న భయమే. స్పీకర్ల ముందు నిలబడి మాటలు ఎవరూ పట్టించుకోరు, శబ్దం అందరికీ తగులుతుంది.

వెతకడంలో నన్ను విసిగించిన విషయం ఒకటుంది. పాత పాట పేరు కొడితే అసలు రికార్డింగు కంటే ముందు అనుకరణలు, కరవోకె ముక్కలు, హాలోవీన్ కోసం ఎవరో హడావుడిగా పాడి పెట్టినవి వచ్చేస్తాయి. పాడినవారి పేరు, సంవత్సరం, నిడివి మూడూ సరిపోతే తప్ప జాబితాలోకి చేర్చలేదు. కొన్ని పాటలు కనిపిస్తాయి కానీ మన దేశంలో వినే వీలు లేక బూడిదరంగులో ఉండిపోతాయి. అక్టోబరు రెండో వారంలో చేర్చుకున్న ఒక పాట మూడో వారానికి అలా బూడిదరంగులోకి మారిపోయింది కూడా. అందుకే ఖరారైన ప్రతి పాటనూ వెంటనే ఫోనులోకి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం మొదలుపెట్టాను. మా క్లబ్‌హౌస్ హాలు నేలమాళిగకు ఆనుకుని ఉంటుంది, అక్కడ సిగ్నల్ ఒక గీత కంటే ఎక్కువ రాదు కనుక డౌన్‌లోడ్ ఎలాగూ తప్పేది కాదు. దానికి డబ్బు కట్టే చందా ఉండాలి, ఒక నెలకు కట్టాను.

అక్టోబరు 20న దీపావళి. దానికి నాలుగు రోజుల ముందే మదనపల్లి నుంచి మా అత్తయ్య వచ్చారు. పండుగ హడావుడిలో జాబితా పక్కన పడింది. పండుగ మరునాడు వంటింట్లో నేను వింటున్న పాటలు ఆమె చెవిన పడ్డాయి. రెండు మూడు విన్నాక, ‘దెయ్యం పాట అంటే ఇట్లా గెంతేదా అమ్మా? దెయ్యం పాట వింటే మనం గెంతకూడదు, కదలకుండా నిలబడిపోవాల’ అన్నారు. అని ఊరుకోలేదు, పప్పు గిన్నెలో గరిటె అలాగే వదిలేసి ‘నిను వీడని నీడను నేనే’ అందుకున్నారు. 1965లో వచ్చిన ‘అంతస్తులు’ చిత్రంలో కె.వి. మహదేవన్ స్వరపరచగా పి. సుశీల పాడిన పాట అది. అత్తయ్య గొంతులో వణుకు ఉంది, శ్రుతి అక్కడక్కడా జారింది, అయినా హాల్లో హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ‘నానమ్మా, ఇది ఎవరు పాడారు? ఇంకోసారి పాడు’ అంది. ఆ అమ్మాయికి పద్నాలుగేళ్లు, పార్టీ మధ్యలో వెళ్లిపోయే వయసు అదే. ఆ క్షణంలో నా జాబితా దిశ మారింది.

కార్తీక మాసం మొదలవుతోంది కదా, సోమవారాలు ఉపవాసాలు ఉండే నెలలో దెయ్యాల పాటలేమిటని అత్తయ్యతో పాటు ఒకరిద్దరు పెద్దవాళ్లు సందేహపడ్డారు. వాళ్ల మాటను కొట్టిపారేయలేదు. శుక్రవారం రాత్రి పిల్లల వేడుకే తప్ప క్షుద్రపూజల ఛాయలున్న పాట ఏదీ పెట్టనని మాట ఇచ్చాను, ఆ మాట ప్రకారం రెండు పాటలు తీసేశాను కూడా. తరువాత వాళ్లే ఒక్కొక్కరూ వచ్చి పాటలు చెప్పారు. పక్క బ్లాకులోని హిందీ ఆవిడ 1949 నాటి ‘మహల్’ చిత్రంలోని ‘ఆయేగా ఆనేవాలా’ చెప్పారు. లతా మంగేష్కర్ మైకుకు దూరంగా నిలబడి పాడడం మొదలుపెట్టి, పాడుతూ మైకు దగ్గరకు నడిచి వచ్చారట, ఆ సంగతి ఆమే చెప్పుకున్నారు. ఎవరో ఎక్కడి నుంచో వస్తున్నట్టు ఆ పాట మొదట్లో అనిపించేది అందుకే. ఇంకొకరు 1965 నాటి ‘గుమ్‌నామ్’ చిత్రం పాట చెప్పారు. ఆ బాణీకి మూలం హెన్రీ మాన్సినీ ‘షరాడ్’ అనే ఆంగ్ల చిత్రానికి చేసిన స్వరమే కనుక ఆంగ్ల పాటల మధ్య పెట్టినా అతుకు కనబడదు.

మా అంతస్తులోనే ఉండే కన్నడ వదిన మాత్రం, ‘ఎవరికీ తెలియనివి ఎన్ని పెట్టినా పెట్టుకో, మధ్యలో ఆప్తమిత్రలోని రారా లేకపోతే నేను రాను’ అన్నారు. 2004 నాటి ఆ కన్నడ చిత్రంలోనూ, 2005లో తమిళంలో వచ్చిన ‘చంద్రముఖి’లోనూ నర్తకి ఆత్మ పాడే పాట తెలుగులోనే ఉంటుంది. మా క్లబ్‌హౌస్‌లో కన్నడిగులు, తమిళులు, తెలుగువాళ్లు ముగ్గురూ పెదవి కలపగలిగే దెయ్యం పాట ఇంకొకటి లేదు. ఆవిడే మరో ఆలోచన కూడా ఇచ్చారు. తొంభైల్లో ఇక్కడ ప్రతి తలుపు మీదా ‘నాళె బా’ అని రాసి ఉండేదని, మన ఊళ్లలో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నట్టేనని, క్లబ్‌హౌస్ తలుపు మీద సుద్దముక్కతో రెండూ రాయిద్దామని అన్నారు. రాయించాం.

అక్టోబరు 26, ఆదివారం మధ్యాహ్నం హాలులో పరీక్ష పెట్టాను. ఇంట్లో చెవిలో పెట్టుకుని విన్నదానికీ, ఆ హాలులో విన్నదానికీ పోలికే లేదు. నేల పాలరాయి, ఒకవైపు గోడంతా గాజు, పైకప్పు ఎత్తు. పలుచని ఎత్తు గొంతులు గాజుకు తగిలి చెవిలో గుచ్చుకున్నాయి, లోతైన బేస్ గుమ్మరించినట్టు మూలల్లో పేరుకుపోయింది. నాకు ఎంతో ఇష్టమైన, బ్రిటిష్ గాయని కేట్ బుష్ పాడిన ‘వదరింగ్ హైట్స్’ అక్కడ దాదాపు వినలేకుండా పోయింది. చనిపోయిన కేథరిన్ రాత్రివేళ కిటికీ బయట నిలబడి, చలిగా ఉంది లోపలికి రానివ్వమని ప్రియుణ్ని అడిగే పాట అది. పద్దెనిమిదేళ్ల వయసులో రాసుకున్న పాటతో, 1978లో, సొంత రచనతో బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన తొలి మహిళ అయింది ఆమె. అంత పాటను వదులుకోవడానికి మనసొప్పలేదు. శబ్దాన్ని సర్దే మిక్సర్ మీద సన్నటి ఎత్తు ధ్వనులను తగ్గించి, గాజు గోడకు తెరలు లాగించి మళ్లీ విన్నాను. గొంతు ఒదిగింది, నేను ఊపిరి పీల్చుకున్నాను. తెరలు లాగితే ఇంత తేడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు, మీ హాలులో గాజు ఉంటే ముందు ఆ పని చేయండి.

శబ్దం స్థాయిల తేడా మరో చిక్కు. 1950ల మోనో రికార్డింగు పక్కన ఈ మధ్య పాట పెడితే మొదటిది గొణిగినట్టు, రెండోది అరిచినట్టు ఉంటుంది. యాప్ సెట్టింగుల్లో అన్ని పాటలనూ ఒకే స్థాయికి తెచ్చే సదుపాయం ఉంటుంది, అది వేశాక చాలావరకు సర్దుకుంది. ఒక పాట చివరను తరువాతి పాట మొదలుతో కలిపే సదుపాయాన్ని మాత్రం ఆపేశాను. డాన్సు పాటలకు అది బాగుంటుంది, కానీ దెయ్యం పాటల ప్రాణమంతా మొదటి కొన్ని క్షణాల్లోనే ఉంటుంది. కిర్రుమనే తలుపు, గాలి, అడుగుల చప్పుడు, ఇవి ముందు పాట తోకలో కలిసిపోతే ఇంక మిగిలేదేమీ ఉండదు.

ఆ రాత్రి నుంచి వరుస పేర్చడం మొదలైంది, దానికి మూడు రాత్రులు పట్టింది. విననివారి ముందు ఒక పాట నిలబడాలంటే మొదటి అర నిమిషంలో వాళ్లకు పట్టు దొరకాలి. ఆ పట్టు తెలిసిన గొంతు కావచ్చు, కాలు కదిపే తాళం కావచ్చు, ఒక్క శబ్దం కావచ్చు. 1984లో రాక్‌వెల్ పాడిన ‘సంబడీస్ వాచింగ్ మీ’ దీనికి మంచి ఉదాహరణ. రాక్‌వెల్ ఎవరో మావాళ్లకు తెలియదు, మోటౌన్ అనే రికార్డు సంస్థను స్థాపించిన బెర్రీ గార్డీ కొడుకని నాకూ వెతికితేనే తెలిసింది. అయితే పల్లవి రాగానే మైకేల్ జాక్సన్ గొంతు వినిపిస్తుంది, తలలన్నీ ఒక్కసారి తిరుగుతాయి. అలాగే 1988 నాటి ‘ఎ నైట్‌మేర్ ఆన్ మై స్ట్రీట్’లో ర్యాప్ చేసేది అప్పటికి సినిమాల్లోకి రాని కుర్రవాడు విల్ స్మిత్. మా అమ్మాయి స్నేహితులకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు, చివరిదాకా విన్నారు.

పట్టు లేని పాటలకు వేరే చోటు వెతికాను. బౌహౌస్ బృందం 1979లో విడుదల చేసిన ‘బేలా లుగోసీస్ డెడ్’ తొమ్మిది నిమిషాలకు పైగా సాగుతుంది, దాదాపు మూడు నిమిషాలు గొంతే వినబడదు, కర్రలు తగిలినట్టుండే డ్రమ్ము, గీరినట్టుండే గిటారు తప్ప. 1931 చిత్రంలో డ్రాక్యులాగా నటించిన బేలా లుగోసీ మీద కట్టిన పాట. డాన్సు మధ్యలో పెడితే హాలు ఖాళీ అవుతుంది. అదే పాటను ఆరున్నరకు, జనం ఇంకా ఒక్కొక్కరుగా లోపలికి వస్తున్నప్పుడు, దీపాలు తగ్గించి పెడితే మాట్లాడుకుంటూ వచ్చినవాళ్లు గుమ్మంలోనే గొంతు తగ్గించేశారు. మొదటి పాటగా అంతకంటే మంచిది నాకు దొరకలేదు.

ఖర్చుల సంగతి. రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్, మిక్సర్ కలిపి ఒక రోజు అద్దె 4,500 రూపాయలు, తెచ్చి తీసుకెళ్లడానికి 800, తిరిగి ఇచ్చే అడ్వాన్సు 3,000. క్లబ్‌హౌస్‌కు శుభ్రం చేసే రుసుము 1,500 సంఘమే భరించింది. పాటలకు అయింది ఒక్క నెల చందా మాత్రమే. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి రావలసిన స్పీకర్ల బండి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కుని అయిదున్నర దాటాక వచ్చింది. ఆ రెండున్నర గంటలు నా గుండె దడదడలాడుతూనే ఉంది. బెంగళూరులో శుక్రవారం సాయంత్రం పెట్టుకునేవారు సామాను గురువారం రాత్రికే తెప్పించుకోవడం మేలు, అరరోజు అద్దె ఎక్కువైనా సరే.

పార్టీలో ఎక్కువగా ఆడింది చిన్నపిల్లలు, వాళ్లకు నచ్చింది 1958 నాటి ‘ది బ్లాబ్’. అదే పేరున్న భయానక చిత్రం కోసం బర్ట్ బకరాక్ స్వరపరచగా, మాక్ డేవిడ్ రాయగా, ది ఫైవ్ బ్లాబ్స్ పేరుతో ఒక స్టూడియో గాయకుడు తన గొంతునే పలుమార్లు కలిపి పాడినది. జారుతూ పాకుతూ తలుపుల కింద నుంచి వచ్చే జిగట ముద్ద గురించిన పాట, చెంపలో వేలుపెట్టి లాగినప్పుడు వచ్చే ‘టప్’ అనే శబ్దంతో ఆగుతూ సాగుతుంది. మొదటిసారి ఆ శబ్దం రాగానే పిల్లలు ఆగి చూశారు, రెండోసారికి వాళ్లే వేళ్లతో టప్పుమనిపించారు, మూడోసారికి హాలంతా టపటపలే. పాట మూడు నిమిషాలు కూడా లేదు, మళ్లీ పెట్టమని స్పీకర్ల దగ్గరకు పరుగెత్తుకొచ్చారు, పెట్టాను. స్క్రీమిన్ జే హాకిన్స్ 1956లో పాడిన ‘ఐ పుట్ ఎ స్పెల్ ఆన్ యూ’ మొదలై ఆ గర్జన వినపడగానే రెండేళ్ల పాప ఒకతె గుక్కపట్టి ఏడ్చింది. వెంటనే శబ్దం తగ్గించి తరువాతి పాటకు వెళ్లాను, వాళ్లమ్మ పాపను ఎత్తుకుని బయట గాలిలో తిప్పి తెచ్చింది. ఆ పాటను ఎనిమిదిన్నర దాటాక, చంటిపిల్లలు వెళ్లిపోయాక మళ్లీ పెట్టాను. ఓయింగో బోయింగో వారి 1985 నాటి ‘డెడ్ మ్యాన్స్ పార్టీ’, హూడినీ బృందం 1983లో చేసిన ‘ది హాంటెడ్ హౌస్ ఆఫ్ రాక్’ రెండూ ఎవరికీ తెలియకపోయినా తాళం బలం మీద నడిచాయి. సూక్సీ అండ్ ది బాన్షీస్ 1981లో పాడిన ‘స్పెల్‌బౌండ్’కు గిటారు వేగం చూసి ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన మగవాళ్లు కూడా బల్లల దగ్గర నుంచి లేచారు. ‘ఘోస్ట్ టౌన్’ మాత్రం అనుకున్నంతగా పట్టలేదు, ఆ సమయానికి పిజ్జాలు వచ్చాయి, హాలంతా ప్లేట్ల చప్పుడే.

తొమ్మిదింబావుకు దీపాలు బాగా తగ్గించి సుశీల పాట పెట్టాము. ముందు ఎవరికీ చెప్పలేదు. మొదటి ఆలాపన వినగానే గోడవారగా కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, రెండో చరణానికి అందరూ సన్నగా కలిపి పాడుతున్నారు. మధ్యలో నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్లలు గెంతలేదు, ఫోన్లు తీయలేదు, కదలకుండా విన్నారు. అత్తయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘మీ మామగారితో మదనపల్లిలో చూసిన సినిమా’ అని నా చెవిలో అన్నారు. ఆ వెంటనే ‘రారా’ పెట్టగానే కన్నడ వదిన కొంగు బిగించి మధ్యలోకి వచ్చారు, హాలు దద్దరిల్లిపోయింది. చివరిగా ‘థ్రిల్లర్’, అది లేకుండా పిల్లలు ఒప్పుకోరు కనుక. అందులో భయానక చిత్రాల నటుడు విన్సెంట్ ప్రైస్ నవ్వు ముగిసేసరికి గడియారం తొమ్మిది యాభై అయిదు. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి శబ్దం పరిమితి 45 డెసిబెల్స్‌కు పడిపోతుంది, పగలు 55 అనుమతి ఉన్నా మా స్పీకర్లను తలుపులు మూసి నడిపాము. పదికి అయిదు నిమిషాల ముందే ఆపేయడంతో కాపలా ఆయన టార్చి పట్టుకుని వచ్చి, ఏమీ అనవలసిన అవసరం లేక తిరిగి వెళ్లారు.

తొమ్మిదికే వెళ్లిపోయే పిల్లలు ఆ రాత్రి పదకొండు దాకా ఉండి సాలెగూళ్లు దులిపి, తలుపు మీది సుద్ద రాతలు తుడిచారు. తెల్లవారి ఎనిమిదికి పసుపు ఎరుపు జెండా ఎగిరేవేళకు క్లబ్‌హౌస్‌లో పుర్రె ఒక్కటి కూడా లేదు. స్పీకర్లు శనివారం ఉదయం పట్టుకెళ్లారు, అడ్వాన్సు మాత్రం పది రోజులు ఆగి రెండుసార్లు గుర్తు చేశాక తిరిగి వచ్చింది. పాటల పేర్లు పంపమని ఆ వారమంతా సందేశాలు వచ్చాయి, పిల్లల తల్లులు ఎక్కువగా అడిగింది టప్పుమనే పాట గురించే. అందరికీ వరుసగా పంపించాను. ప్రతి పాట పక్కన పాడినవారి పేరు, సంవత్సరం, నిడివి రాశాను, ‘ది బ్లాబ్’ పక్కన 1958 నాటి రికార్డింగే తీసుకోండి అని ప్రత్యేకంగా చేర్చాను, వెతికితే ముందు వచ్చేది అనుకరణ కావచ్చు కనుక.